ఈసీయూ కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

ప్రశ్న: నాది 2014 మోడల్ పది టైర్ల లారీ. బీఎస్-3, కామన్‌రైల్ ఇంజన్. మేళ్లచెరువు నుంచి హైదరాబాద్‌కు సిమెంటు తోలుతుంటాను. మూడు నెలలుగా బండి సతాయిస్తోంది. పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది. గంటన్నర నడిచాకో, గుంతల రోడ్డు ఎక్కాకో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు. కాసేపటికి మీటర్లో ముళ్లన్నీ ఒక్కసారి పడిపోయి ఇంజన్ ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. బండి నడుస్తున్నప్పుడు స్కానర్ పెడితే 91/4, 102/4, 157/4, 168/4 అని కోడ్లు వచ్చాయి. ఆగిపోయినప్పుడు పెడితే అసలు కనెక్టే కాదు. యాక్సిలరేటర్ పెడల్, రైల్ ప్రెషర్ సెన్సార్ మార్చాం, తగ్గలేదు. ఎడమ వైపు బ్యాటరీ ఏడాదిలో రెండోసారి పోయింది. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, పోయిందని, కొత్తది 90 వేలవుతుందని మెకానిక్ అంటున్నాడు. ఇంకొకాయన పాతది 30 వేలకు ఇప్పిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు? మొన్న వేసవిలో వెనక బాడీకి వెల్డింగ్ చేయించాం, జీపీఎస్ పెట్టించాం. అంతకుమించి బండి మీద ఎవరూ చెయ్యి వేసింది లేదు.
— కోదాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ప్రస్తుతానికి రెండూ కొనకండి. మీ ఈసీయూ బాగుండే అవకాశమే ఎక్కువ అని నా అనుమానం. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. చివర్లో పెద్ద విషయం కాదన్నట్టు రాసిన మూడు సంగతులు, అంటే వెల్డింగ్, జీపీఎస్, ఎడమ బ్యాటరీ, మార్చిన సెన్సార్ల కంటే చాలా ముఖ్యం.

ముందు కోడ్లు చూద్దాం. మొదటి అంకె ఏ సర్క్యూట్ అనేది చెబుతుంది, గీత తర్వాతిది తప్పు ఎలాంటిదో చెబుతుంది. 91 యాక్సిలరేటర్ పెడల్. 102 టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి. 157 డీజిల్ రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలోని ఒత్తిడి. 168 బ్యాటరీ వోల్టేజీ. నాలుగింటి పక్కనా ఉన్న 4 అంటే ‘వోల్టేజీ ఉండాల్సిన దానికంటే తక్కువ కనపడింది’ అని. కనపడింది అన్న మాట గమనించండి. సెన్సార్ చెడిపోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు. ఈసీయూ ఉన్న చోటికి వచ్చేసరికి వోల్టేజీ తగ్గిందని మాత్రమే చెప్పింది.

పెడల్ క్యాబిన్లో ఉంటుంది, రైల్ సెన్సార్ ఇంజన్ మీద ఉంటుంది. ఒకదానితో ఒకటికి సంబంధం లేని మూడు సెన్సార్లు ఒకేసారి, ఒకే రకంగా చెడిపోవడం జరగదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది దెబ్బతింటేనే అలా వస్తుంది. ఉమ్మడిగా ఉండేవి ఈసీయూ సెన్సార్లకు ఇచ్చే 5 వోల్టుల సరఫరా, ఈసీయూకు వచ్చే 24 వోల్టులు, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి). ఇక 168/4 అయితే నేరుగా చెబుతోంది, నాకు కరెంటు సరిగా అందడం లేదని. మీ మెకానిక్ మొదటి మూడు కోడ్లకు పార్టులు వెతికాడు. నాలుగోదానికి మార్చే పార్టు ఏదీ లేదు కాబట్టి దాన్ని వదిలేసినట్టున్నాడు.

ఇందులో ఆయన మోసం ఉందని నేననను. మన దగ్గర పార్టు మారిస్తే డబ్బులిస్తాం, నాలుగు గంటలు చాసిస్ కింద పడుకుని వైరు వెతికితే బేరమాడతాం. అందుకే వెతికేవాళ్లు తగ్గిపోయారు. ఈసారి పార్టుకు కాకుండా, మంచి వైరింగ్ మేస్త్రీకి ఒక రోజు కూలీ మాట్లాడుకోండి. తప్పు దొరికినా దొరక్కపోయినా ఆ రోజు కూలీ ఇస్తానని ముందే చెప్పండి. పని తీరు మారిపోతుంది.

‘ముళ్లన్నీ ఒక్కసారి పడిపోతాయి’ అని మీరు రాయడం మంచిదైంది. ఒక్క ఆర్‌పీఎం ముల్లు మాత్రమే పడిపోయి మిగతావి అలాగే ఉంటే నేను క్రాంక్ సెన్సార్‌ను, అంటే ఇంజన్ తిరగడాన్ని ఈసీయూకు చెప్పే సెన్సార్‌ను, అనుమానించేవాణ్ణి. వేడెక్కితే పనిచేయడం మానేసి, చల్లబడ్డాక మళ్లీ బాగుపడినట్టు నటించే పార్టు అది. బండి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు కదలకపోతే క్రాంక్ సెన్సార్ వైపు వెళ్లొచ్చు. కానీ మీ బండిలో అన్నీ పడిపోతున్నాయి, పైగా ఆ సమయంలో స్కానర్ కనెక్ట్ కావడం లేదు. అంటే ఆ క్షణంలో ఈసీయూ మేలుకొని లేదు, లేదా దాని మాట బయటికి రావడం లేదు.

మేలుకొని లేదంటే రెండే కారణాలు. ఒకటి, లోపల చెడిపోవడం. రెండోది, కరెంటో ఎర్తో అందకపోవడం. మొదటిదానికి 90 వేలు. రెండోది చాలాసార్లు ఒక లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే రింగు), ఒక బోల్టు, కొంచెం ఉప్పు కాగితంతో పోతుంది. రెండోది కాదని తేలేదాకా మొదటిదాని జోలికి పోకూడదు.

బ్యాటరీలతో మొదలుపెట్టండి. మీది 24 వోల్టుల బండి, అంటే 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. ఎప్పుడూ ఎడమదే పోతోందన్నారు. మ్యూజిక్ సిస్టమ్, ఫోన్ చార్జర్, 12 వోల్టుల ఫ్యాన్, బహుశా ఆ జీపీఎస్ కూడా ఆ ఒక్క బ్యాటరీ నుంచే తీసుకున్నారేమో చూడండి. మన లారీల్లో చాలా వాటిలో ఇలాగే ఉంటుంది. డైనమో రెండు బ్యాటరీలకూ ఒకే చార్జింగ్ పంపిస్తుంది. ఒకదాన్నుంచి మాత్రం పగలూ రాత్రీ వాడకం ఉంటే, అది ఎప్పటికీ నిండదు. రెండోది అవసరానికి మించి చార్జ్ అయి నీళ్లు మరిగిపోతాయి. కొత్త బ్యాటరీ పెట్టినా, ఎడమదాన్ని కుడికి మార్చినా అదే కథ. 24 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ పెట్టించి, ఆ సామాన్లన్నీ దాని మీదికి మార్చేయండి.

రాత్రి బండి ఆపి, పొద్దున ఏదీ ఆన్ చేయకుండా బ్యాటరీలను విడివిడిగా మల్టీమీటరుతో చూడండి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగం. రెండింటి మధ్య తేడా 0.3 వోల్టు దాటిందంటే ఆ జత సరిగా లేదు. తర్వాత మీటరును మొత్తం 24 మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 19 కంటే కిందికి పడిపోతే ఈసీయూ తడబడటం మొదలవుతుంది. ఇంజన్ నడుస్తుండగా 27.5 నుంచి 28.8 మధ్య ఉండాలి. అప్పుడే మీటరును ఏసీ వోల్టుల మీదికి తిప్పి బ్యాటరీ మీద మళ్లీ చూడండి. అర వోల్టు దాటి చూపిస్తే డైనమోలో డయోడ్ (ఏసీని డీసీగా మార్చే భాగం) పోయిందని అనుమానించాలి. బ్యాటరీలు తీయకుండా వెల్డింగ్ చేస్తే ముందు దెబ్బతినేవాటిలో ఈ డయోడ్లు ఉంటాయి. ఈ ఏసీ పరీక్ష చేసేవాళ్లు తక్కువ. డైనమో 28 వోల్టులు ఇస్తుంటే బాగుందనుకుని వదిలేస్తారు.

ఇక ఎర్త్. నా అనుమానమంతా ఇక్కడే. వెల్డింగ్ వాళ్లు ఎర్త్ క్లాంపు ఎక్కడ తగిలించారో, దానికోసం ఏ బోల్టు వదులు చేశారో, పని అయ్యాక ఆ చోట రంగు పూసి దాని మీదే లగ్గు బిగించారో మనకు తెలియదు. చాసిస్ నుంచి ఇంజన్‌కు ఒక మందపాటి ఎర్త్ పట్టీ ఉంటుంది, ఈసీయూకు విడిగా ఎర్త్ వైర్లు ఉంటాయి. బ్యాటరీ నుంచి చాసిస్‌కు మరొకటి. వీటిలో ఒక్క లగ్గు కింద తుప్పు ఉన్నా, చల్లగా ఉన్నప్పుడు సరిపోతుంది. కరెంటు పారి వేడెక్కేకొద్దీ, గుంతల్లో అదిరేకొద్దీ తెగిపోయినట్టే అవుతుంది. అరగంట ఆగితే చల్లబడి మళ్లీ అంటుకుంటుంది. మీరు రాసిన లక్షణాలకు ఇది అచ్చంగా సరిపోతుంది.

ఎర్త్‌ను ఓమ్‌లలో కొలవకండి, ఏమీ తెలియదు. వందపోగుల కేబుల్లో తొంభై తెగిపోయినా మీటరు సున్నా ఓమ్‌లే చూపిస్తుంది. కరెంటు పారుతుండగా ఎంత వోల్టేజీ మధ్యలో పోతోందో కొలవాలి. మీటరు నల్ల వైరును చాసిస్‌కు కలిసే బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద పెట్టండి. లగ్గు మీద కాదు, సీసపు ముడి మీదే పెట్టాలి. ఎర్ర వైరును ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఎర్ర వైరును ఒక్కో లగ్గుకూ జరుపుతూ పోతే ఏ రెండింటి మధ్య అంకె పెరిగిందో అక్కడే తప్పు. తర్వాత ఇదే కొలతను ఈసీయూ ఎర్త్ పిన్ను దగ్గర, కీ ఆన్ చేసి హెడ్‌లైట్లు వేసి చూడండి. అక్కడ 0.1 వోల్టు కంటే ఎక్కువ ఉండకూడదు. దొరికాక లగ్గు విప్పి, రంగూ తుప్పూ మెరిసేదాకా గీకి, బిగించిన తర్వాతే పైన గ్రీజు రాయండి. గ్రీజు రాసి బిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

24 వోల్టుల పక్కను కూడా ఇలాగే నమ్మకుండా చూడాలి. ఈసీయూ కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) విప్పి మీటరు పెడితే 24 చూపించిందని, సరఫరా బాగుందని తేల్చేస్తారు. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా మీటరుకు 24 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటే తీసుకోదు. 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని, దానికి రెండు వైర్లు కట్టి, ఈసీయూ కప్లర్లో పవర్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య పెట్టండి. బల్బు నిండుగా వెలగాలి, వెలుగుతుండగా దాని మీద వోల్టేజీ బ్యాటరీ దగ్గరున్నదానికి అర వోల్టు లోపల ఉండాలి. ఎర్రగా మినుకుమంటే తప్పు దొరికినట్టే. ఫ్యూజు హోల్డరు, మెయిన్ రిలే సాకెట్, బ్యాటరీ కట్‌ఆఫ్ స్విచ్, క్యాబిన్ ఎత్తినప్పుడు వైర్లు మడతపడే చోటు వరుసగా చూడండి. సిమెంటు తోలే బండి కాబట్టి కప్లర్లలో దుమ్ము, తేమ కలిసి గట్టిపడి ఉండొచ్చు. పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కనపడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడవండి. పిన్నుల్లో మాత్రం మీటరు ముల్లు దూర్చి సాగదీయకండి. సాగిన పిన్ను కొత్త రోగం తెస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ బల్బును ఈసీయూ పవర్ పిన్నుల దగ్గరే వాడాలి, అదీ కప్లర్ ఈసీయూ నుంచి విప్పి ఉన్నప్పుడే. సెన్సార్ల 5 వోల్టుల వైర్ల మీద పెట్టారంటే ఈసీయూ నిజంగానే పోవచ్చు. వైరును బాడీకి కొట్టి నిప్పురవ్వ వస్తోందా అని చూసే పాత అలవాటు కూడా ఈ బండ్లకు పనికిరాదు. పాత మెకానికల్ పంపు లారీ ఒకసారి స్టార్ట్ అయితే కరెంటుతో పెద్దగా పని లేకుండా నడిచేది, అక్కడ ఆ రవ్వ చెల్లింది. కామన్‌రైల్‌లో ప్రతి ఇంజెక్టర్‌నూ ప్రతిసారీ ఈసీయూయే తెరవాలి. రన్నింగ్‌లో బ్యాటరీ తీసి డైనమో పరీక్షించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను మీ బండి ముట్టుకోనివ్వకండి.

ఇవన్నీ బండి బాగున్నప్పుడు చూస్తే బాగానే కనపడొచ్చు. అందుకే మీటరూ ఆ బల్బూ క్యాబిన్లో పెట్టుకోండి. ఎర్త్‌లు శుభ్రం చేశాక లోడు లేకుండా, వెంట మేస్త్రీని పెట్టుకుని, పక్క రోడ్ల మీద వేడెక్కేదాకా తిప్పండి. ఆగిపోగానే, చల్లబడకముందే కీ ఆన్ చేసి చూడండి. మామూలుగా కొన్ని సెకన్లు వెలగాల్సిన చెక్ ఇంజన్ లైటు అసలు వెలగకపోతే, అప్పుడే ఫ్యూజు దగ్గర, రిలే దగ్గర, ఈసీయూ దగ్గర కొలవాలి. ఆ పది నిమిషాల కొలతలు వర్క్‌షాపులో పది రోజులు ఉంచడం కంటే విలువైనవి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా వైర్ల కట్టను అడుగడుగునా పట్టి ఊపి చూడటం కూడా మరవద్దు. ఎక్కడ ఊపితే ఇంజన్ జెర్క్ ఇస్తుందో అక్కడ టేపు విప్పండి.

ఈలోగా లోడుతో హైవే ఎక్కకండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద లోడు బండి ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది. కంప్రెసర్ తిరగదు కాబట్టి బ్రేకు గాలి మళ్లీ నిండదు. కిరాయి పోతుందన్న టెన్షన్ నాకు తెలుసు, అయినా ఈ విషయంలో రాజీ లేదు.

జీపీఎస్ సంగతి. దాన్ని బిగించిన కుర్రాడు వైరు ఎక్కడ కలిపాడో చూడండి. తొందర పనిలో ఈసీయూ ఫ్యూజు వైరునో, స్కానర్ సాకెట్ వెనక వైర్లనో గీకి, చుట్టి, టేపు వేసేస్తారు. పరీక్ష కోసం కొన్నాళ్లు దాన్ని పూర్తిగా తీసేయించండి, బండిని ఫైనాన్స్ కంపెనీ ట్రాక్ చేస్తుంటే వాళ్లకు ముందే చెప్పండి. మీ బండిలో స్కానర్ క్యాన్ వైర్ల (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత) మీద మాట్లాడేదైతే ఒక చిన్న పరీక్ష ఉంది. బ్యాటరీలు విప్పి సాకెట్లో ఆ రెండు క్యాన్ పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ అయితే సీ, డీ పిన్నులు. పదహారు పిన్నులదైతే మామూలుగా 6, 14. దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. 40 దగ్గర వస్తే ఎవరో అదనంగా ఏదో తగిలించారు. సున్నా వస్తే వైర్లు రెండూ అంటుకున్నాయి.

సరఫరా, ఎర్త్ బాగున్నాయని తేలినా 91, 102, 157 కోడ్లు కలిసే వస్తుంటే 5 వోల్టుల వైపు వెళ్లండి. ఒక సెన్సార్ కప్లర్ విప్పి కీ ఆన్ చేసి చూస్తే 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. తక్కువుంటే మిగతా సెన్సార్లను ఒక్కొక్కటే విప్పుతూ పోండి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగొచ్చాయో అదో, దాని వైరో సరఫరాను కిందికి లాగుతోంది. మీరు తీసేసిన పాత పెడల్, పాత రైల్ సెన్సార్ పారేయలేదు కదా? బాగున్నవే అయ్యుంటాయి, దాచుకోండి.

ఇన్ని చూశాక, ఆగిపోయిన క్షణంలో ఈసీయూ దగ్గర బల్బు నిండుగా వెలుగుతూ, ఎర్త్ బాగుండి, క్యాన్ 60 ఓమ్‌లు చూపించి, అయినా స్కానర్ కనెక్ట్ కాకపోతే అప్పుడు ఈసీయూ మీద మీ మెకానిక్ చెప్పిందే నిజం. వేడికి లోపలి టంకం విడిపోవడం జరిగేదే. అప్పుడు కూడా మొదట కొత్తది కాకుండా, బోర్డు విప్పి బాగుచేసే వాళ్లకు చూపించండి. బెంచ్ మీద వేడి చేసి నడిపి చూపిస్తారా అని అడగండి, చూపించలేనివాళ్లకు ఇవ్వకండి.

30 వేల పాత ఈసీయూ గురించి కూడా అడిగారు. మీ దాని మీదున్న పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అయినా సరిపోదు. లోపల ఎక్కించిన డేటా మీ ఇంజన్‌దే కావాలి. ఇంజెక్టర్ల తల మీద అంకెలు, అక్షరాలు కలిసిన కోడ్ ఉంటే, ఆ కోడ్లన్నీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో దాంట్లోకి ఎక్కించాలి. లేకపోతే పొగ, కుదుపు, మైలేజీ పడిపోవడం తప్పవు. అవన్నీ తనే చేయించి, బండి వేడెక్కేదాకా నడిపి చూపించాకే డబ్బు తీసుకుంటానంటే మాట్లాడొచ్చు. ‘తెచ్చి పెడితే చాలు, నడుస్తుంది’ అంటే వద్దు. ఎర్త్ సరి చేయకుండా పెడితే దానికీ ఇదే గతి పడుతుంది, అప్పుడు వాపసు ఎవరూ తీసుకోరు.

ఇకముందు బండికి వెల్డింగ్ చేయించాల్సి వస్తే కీ తీశాక ఐదు నిమిషాలు ఆగి, బ్యాటరీ వైర్లు రెండూ విప్పి, ఈసీయూ కప్లర్లు కూడా పీకించండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పని జరిగే చోటికి జానెడు దూరంలోనే పెట్టమనండి. మీరు దగ్గరుండి చూసుకోవాల్సిన పని ఇది, క్లీనర్‌కు వదిలేయొద్దు.

బ్యాటరీల కొలతలు రెండూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ దగ్గర వచ్చిన అంకె, ఆగిపోయినప్పుడు ఈసీయూ దగ్గర బల్బు ఎలా వెలిగిందో రాసి పంపండి. వాటిని బట్టి తర్వాత ఏ వైరు వెంట వెళ్లాలో చెబుతాను.